మేస్త్రి కాలు పడ్డ మడి

చిన్నతల్లి సూదిమొనను ఆముదంలో ముంచి మొగుడి అరికాల్లోంచి తుమ్మముల్లు తీస్తోంది. ముల్లు బొటనవేలి కింద దిగి, విరిగి, లోపలే ఉండిపోయింది. ఎప్పుడు దిగిందో అప్పలసూరికి తెలియదు. సూది అంత లోపలికి వెళ్ళి కెలుకుతున్నా అతను కాలు కదపలేదు. నోట్లో చుట్ట మాత్రం ఈ పక్క నుంచి ఆ పక్కకి జరిపాడు.

“మేస్త్రి కాలంటే ఇదీ. ముల్లుకీ మేకుకీ బెదరదు,” అన్నాడు, అరుగు మీద కూర్చున్న కొత్తమనిషి వినేలా.

కొత్తమనిషి పేరు నరసింగరావు. విశాఖపట్నంలో ఓడల వ్యాపారుల దగ్గర పని చేస్తాడట. పొద్దున్న బండికి నౌపడ స్టేషన్లో దిగి, ఏడో నెంబరు మడి మేస్త్రి ఎవరని అడుగుతూ ఉప్పుమళ్ళ గట్ల మీద రెండు మైళ్ళు నడిచి వచ్చాడు. పొట్టివాడు. పంట్లాం వేసుకున్నాడు. బూట్లు వాకిట్లోనే విప్పి, అప్పలసూరిని ‘మీరు’ అన్నాడు. అప్పలసూరికి అనుమానం అక్కడే మొదలైంది. అతనికి యాభై దాటాయి. ఇన్నేళ్ళలో పంట్లాం వేసుకున్నవాడెవడూ అతన్ని మీరు అనలేదు. ఇప్పుడొకడు అన్నాడంటే ఎక్కడో ముంచడానికే అయి ఉండాలి.

వచ్చిన పని వింటే అనుమానం రెండింతలయింది. ఆఫ్రికాలో మొంబాసా అనే ఊరి దగ్గర ఒక గుజరాతీ సేటు కొత్తగా ఉప్పుమళ్ళు కట్టిస్తున్నాడు. నేల కుదరడం లేదు. పెట్టిన నీరు పెట్టినట్టు ఇంకిపోతోంది. నిరుడు సేటు మనిషి ఒకడు ఇటు వచ్చి ఏడో మడి ఉప్పు చూసి వెళ్ళాడు. బూడిద రంగు లేని ఉప్పు, అడుగున మట్టి అంటని ఉప్పు. నీరు ఇంకకుండా అలా నేల తొక్కి బిగించేవాడు కావాలి. ఆరు నెలలు. అంతకంటే ఒక్క రోజు ఎక్కువ ఉండడానికి అక్కడి ప్రభుత్వం ఒప్పుకోదు. ఈలోగా మడి కట్టి చూపించి, అక్కడివాళ్ళు పదిమందికి పని నేర్పి రావాలి. ఓడ ఖర్చు, తిండి, బస సేటువే. జీతం ఇక్కడ రెండేళ్ళలో కళ్ళచూసేది అక్కడ ఆరు నెలల్లో వస్తుంది.

“ముందు ఇక్కడ చిన్న మడి ఒకటి కట్టి చూపించండి మేస్త్రీ. నీరు నిలిస్తే కాగితం మీద సంతకాలు చేసుకుందాం,” అన్నాడు నరసింగరావు.

చిన్నతల్లి ముల్లు తీసి, వెలుతురులో తిప్పి చూసి, అవతల పారేసింది. తలెత్తకుండానే అడిగింది.

“తిరుగు టిక్కట్టు ఎవుల సేతిలో ఉంటాది బాబూ?”

“కంపెనీ వారి దగ్గరే ఉంటుందమ్మా. భద్రంగా.”

ఆమె సూది తుడిచి గూట్లో పెట్టింది. ఆమె తండ్రి ఆమెకు ఆరేళ్ళప్పుడు కళింగపట్నంలో కూలిపనికి రంగం దేశం వెళ్ళే ఓడ ఎక్కాడు. ఆయన తిరుగు టిక్కట్టు కూడా కూలీలను తీసుకెళ్ళిన మేస్త్రి దగ్గర భద్రంగానే ఉండేది.

ఆ సాయంత్రం అప్పలసూరి నరసింగరావు ఇచ్చిన ఒప్పందం కాగితం పట్టుకుని బడిపంతులు కూర్మనాథం గారి ఇంటికి వెళ్ళాడు. కాగితం ఇంగ్లీషులో ఉంది. కూర్మనాథం కళ్ళజోడు తుడుచుకుని ఒకసారి చదివాడు, మళ్ళీ మొదటి నుంచి చదివాడు, వెనక్కి తిప్పి ఖాళీ పేజీ కూడా చూశాడు.

“ఏటుందండి బాబూ?”

“బాగానే ఉంది. నాకు అదే బాగులేదు. మోసం కాగితమైతే ఎక్కడో మెలిక కనబడాలి. ఇందులో కనబడలేదు.”

“కనబడనేదంటే మరీ లోపల ఎట్టీసుంటాడు.”

“అదే నేనూ అనుకుంటున్నాను. పైగా రేడియోలో రోజూ చెబుతున్నారు. ఆ దేశంలో ఉన్న మనవాళ్ళు మూటాముల్లే కట్టుకుని లండను పోతున్నారట. ఉన్నవాళ్ళు పోతూంటే నిన్ను రమ్మంటాడేమిటి?”

అప్పలసూరి ఆ ముక్కను జాగ్రత్తగా తలలో పెట్టుకున్నాడు. మర్నాడు నరసింగరావును అడిగితే అతను తడుముకోకుండా జవాబు చెప్పాడు. సేటు అక్కడి పౌరుడైపోయాడు, పోవడం లేదు, కాని బయటి దేశపు పనివాళ్ళను పెట్టుకోవడానికి వీల్లేదు, అందుకే ఈ ఆరు నెలల ఏర్పాటు. జవాబు నున్నగా వచ్చింది. నున్నగా వచ్చిన జవాబును అప్పలసూరి ఎప్పుడూ నమ్మలేదు.

అయినా ఆశ ఒకటి ఉంటుంది. ఆశ లావు, పీక సన్నం. ఉప్పు నిలవచేసే కొఠారు దగ్గర నలుగురూ అప్పుడే “ఆఫ్రికా మేస్త్రి” అని పిలవడం మొదలుపెట్టారు. ఎర్రన్న అనే మట్టిపనివాడైతే అక్కడ సింహాలు ఉప్పు నాకడానికి వస్తాయా అని అడిగాడు. అప్పలసూరి చిరాకు పడ్డట్టు మొహం పెట్టి లోపల సంతోషించాడు.

“ఎల్లకు మావా,” అంది చిన్నతల్లి, అన్నం వడ్డిస్తూ.

“మీ అయ్య ఓడెక్కీసి రానేదని నన్నూ ఎక్కొద్దంతావేటి?”

“అదొకటి.”

“మరోటేటి?”

ఆమె కుండ మీద మూత పెట్టి, దాన్ని మూడుసార్లు సర్దింది.

“ఏటీ నేదు. తిను,” అంది.

పడుకునే ముందు రోజూలాగే గిన్నెలో ఆముదం పోసుకుని తన పాదాలకు రాసుకుంది. అతని కాళ్ళ దగ్గరికి కూడా గిన్నె జరిపింది. అతను రోజూలాగే గిన్నెను అవతలికి తోశాడు. కాళ్ళకు నూనె పూసుకోవడం ఆడంగుల పని అని అతని నమ్మకం.

చిన్నమడికి ఏడో మడి పక్కనే జాగా చూశారు. ఆరు బారల పొడవు, నాలుగు బారల వెడల్పు. తొలిరోజు అప్పలసూరి పాత నాచు గీకించి, గట్లు ఎత్తించి, సముద్రపు పోటుకి నిండే తంపర కాలవ నుంచి నాలుగువేళ్ళ లోతు నీరు పెట్టాడు. రెండో రోజు పొద్దెక్కేసరికి నీరు ఇంకి, మట్టి రొట్టెపిండిలా అయింది. పంచె ఎగగట్టి దిగాడు. గట్టు వార నుంచి మొదలుపెట్టి, కాలు పక్కన కాలు, మడమ దించి, బరువంతా దాని మీద వేసి, తిప్పి, ఎత్తి, మళ్ళీ దించి, నడుమ్మీద చేతులు పెట్టుకుని లోపలికి చుట్టుకుంటూ వచ్చాడు. తొక్కుడు అయ్యాక బల్లచెక్కతో నేలంతా సాపు చేశాడు.

నరసింగరావు గట్టు మీద గొంతుక్కూచుని పుస్తకంలో రాసుకున్నాడు. టేపు తీసి అడుగుకీ అడుగుకీ మధ్య ఎడం కొలిచాడు. ఏ కాలు ముందు పెడతారు, ఎన్నిసార్లు తిరుగుతారు, మట్టి ఎండిందని ఎలా తెలుస్తుంది అని అడిగాడు.

“కాలికి తెలుస్తాది,” అన్నాడు అప్పలసూరి. అంతకంటే చెప్పలేదు. అన్నీ పుస్తకంలోకి ఎక్కితే ఇక మేస్త్రి ఎందుకు, పుస్తకాన్నే ఓడ ఎక్కించవచ్చు.

తొక్కుడు అయ్యాక ఈశాన్యం మూల వేపమండ పాతాడు. ఆ మళ్ళల్లో అది తాతల నాటి కట్టు. మేస్త్రి కాలు పడ్డ మడిలో మళ్ళీ నీరు పెట్టేదాకా ఇంకో కాలు పడకూడదు. యజమాని అయినా సరే, ఉప్పు ఇనస్పెక్టరైనా సరే, వేపమండ చూసి గట్టు మీదే ఆగిపోవాలి.

మధ్యాహ్నం గంజన్నం తిని అప్పలసూరి తాటాకు పాకలో నడుం వాల్చాడు. ఆ రోజు ఎందుకో నిద్ర సరిగా పట్టలేదు. తొందరగా లేచి చిన్నమడి దగ్గరికి వెళ్ళిన మనిషి గట్టు మీద నిలబడిపోయాడు. తాను అద్దంలా సాపు చేసిన నేల మీద, పడమటి గట్టు వార, నాలుగు మడమ గుర్తులున్నాయి. చిన్నవి. తన మడమలో సగం. మిగతాచోట ఎవరో ఆకుతో తుడిచినట్టు సన్నటి గీతలు. ఆ నాలుగూ తుడవడానికి వేళ చాలలేదన్నమాట.

అప్పలసూరికి ఒళ్ళు మండింది. ఇంతకాలానికి మెలిక దొరికింది. నున్నటి జవాబులవాడు తాను నిద్రపోతూంటే మడిలో దిగి, మట్టి ఎలా బిగిసిందో కాలితో చూసుకుంటున్నాడు. నేర్చుకున్నాక మేస్త్రికి టాటా. కాలూ చిన్నదే, మనిషీ చిన్నవాడే.

ఆ సాయంత్రమే నరసింగరావును పట్టుకున్నాడు.

“బాబూ, మళ్ళ కాడ బూట్లు ఇప్పాలి.”

“అలాగే,” అని అతను బూట్లూ మేజోళ్ళూ విప్పి తడిగట్టు మీద పది అడుగులు నడిచాడు. వెనకాల అప్పలసూరి వంగి గుర్తులు చూశాడు. నరసింగరావుది చదును పాదం. అరికాలు మొత్తం పలకలా పడింది. మడిలో పడ్డవి గుండ్రటి మడమలు, లోతైనవి. రెండింటికీ పోలికే లేదు. అప్పలసూరి ఆలోచించి, వీడు మడమల మీద నడిచి ఉంటాడు అనుకున్నాడు. అనుమానం తలకెక్కిన మనిషికి గుర్తులతో పనేముంది?

మూడోరోజు ఆఖరి తొక్కుడు. సాపు చేసి, వేపమండ పాతి, అన్నం తినకముందే నిద్ర వస్తున్నట్టు ఆవులించి పాకలోకి వెళ్ళాడు. తాటాకు దడిలో వేలు దూరేంత సందు చేసుకుని బోర్లా పడుకున్నాడు. ఎండ నిట్టనిలువుగా ఉంది. మళ్ళ మీద ఒక్క మనిషి లేడు. నరసింగరావు వస్తాడు, రాగానే లేచి కాలరు పట్టుకోవాలి, అప్పుడు మీరు అంటాడో నువ్వు అంటాడో చూడాలి.

చిన్నతల్లి వచ్చింది. తలమీద గంజికుండ దింపి తుమ్మచెట్టు నీడలో పెట్టింది. పాక వైపు ఒకసారి చూసింది. కాలవలో దిగి పాదాలు కడుక్కుంది. చీర గోచీ బిగించి, వేపమండ దాటి, మడిలో కాలు పెట్టింది.

ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. అప్పలసూరి పట్టుకుని కూడా లేవలేకపోయాడు. ఆమె గట్టు వార మడమ మీద మడమ వేసుకుంటూ నెమ్మదిగా నడిచింది. నడకలో తొందర లేదు. పడమటి మూల ఆగింది. మడమతో నొక్కి, కొంచెం పక్కన నొక్కి, మళ్ళీ మొదటిచోటికి వచ్చి నొక్కింది. వంగి వేళ్ళతో మట్టి తోడితే బెత్తెడు లోతున పీత బొరియ బయటపడింది. జిగటమట్టి ఉండ చేసి అందులో దట్టించి, పైన నిలబడి, ఒంటి బరువంతా వేసి తిరిగింది. తర్వాత తాటాకు పుచ్చుకుని తన గుర్తులు తుడుచుకుంటూ వెనక్కి వెనక్కి నడిచింది.

గట్టు ఎక్కి తిరిగేసరికి మొగుడు ఎదురుగా ఉన్నాడు.

“ఎన్నాళ్ళ నుంచే?” అన్నాడు.

ఆమె తాటాకు కింద పడేసింది.

“ఆరేళ్ళు. నీ కాల్లో గాజుపెంకు దిగిన ఏడు నుంచి.”

“గాజుపెంకా?”

“ఇల్లంతా నెత్తురడుగులు ఏసుకుంటా ఒచ్చినావు. నేను సూపించీదాకా నీకు తెలీనేదు. ఆ ఏడే గదా ఏడో మడి రెండుసార్లు కారింది. మట్టి సెడ్డదని తిట్టినావు. మట్టి బాగానే ఉన్నాది మావా.”

అప్పలసూరి చెయ్యి ఎత్తాడు. కొట్టడానికో, ఆపమనడానికో అతనికే తెలియలేదు. ఆమె వెనక్కి తగ్గలేదు. చెయ్యి పట్టుకుని, తాను తోడిన చోటికి రెండడుగుల అవతల అతన్ని మడిలోకి దింపింది.

“ఇక్కడ తొక్కు. గట్టిగున్నాదా, గుల్లగున్నాదా?”

అతను తొక్కాడు. కళ్ళు మూసుకుని మళ్ళీ తొక్కాడు. కింద ఏదో ఉంది. మట్టే అయి ఉండాలి. గట్టిగా ఉందో గుల్లగా ఉందో చెప్పమంటే, కాలికి గోనె చుట్టుకుని దిగినట్టు ఉంది. ఎప్పటి నుంచి ఇలా ఉందో ఆలోచిస్తే భయం వేసింది. ముప్ఫై ఏళ్ళు ఉప్పునీళ్ళలో నానిన కాళ్ళు ఎప్పుడో చచ్చిపోయాయి. అతను దాన్ని మొండితనం అనుకుని నలుగురికీ చూపించుకున్నాడు.

“ఎల్లొద్దన్నావు గదా,” అన్నాడు గట్టెక్కి. “మడి కారనిస్తే ఆడే నన్నొద్దని ఎల్లిపోయీవోడు. మరెందుకు తొక్కినావు?”

“ఎల్లడం ఏరు మావా. నలుగురి ముందర నీ మడి కారడం ఏరు,” అంది చిన్నతల్లి. “కూడు తిను, సల్లారిపోతన్నాది.”

అతను తినలేదు. సిగ్గు ఒక పక్క, కోపం ఒక పక్క. కోపం ఎవరి మీదో తేలక మరీ ఎక్కువయింది. నాలుగోరోజు చిన్నమడికి నీరు పెట్టారు. నరసింగరావు మడి మధ్య గీతలు పెట్టిన రెల్లుపుల్ల ఒకటి గుచ్చాడు. గట్టు మీద ఇత్తడి పళ్ళెంలో అంతే లోతు నీరు పోసి దానికీ ఒక గీత పెట్టాడు. ఎండకి రెండూ ఒకలాగే తగ్గాలి. మడిలో ఎక్కువ తగ్గితే నేల తాగుతోందన్నమాట.

అతను అలా పళ్ళెం కాపలా కాస్తూంటే, అప్పలసూరి అప్పటికే తడి పెట్టి ఉంచిన ఏడో మడిలో దిగాడు. దిగేముందు పెళ్ళానికి చెప్పాడు.

“ఈ మడిలో నువ్వు కాలెట్టకు. నా మీద ఒట్టు.”

ఆ రోజంతా తొక్కాడు. మామూలుగా మూడు చుట్లు తిరిగే చోట ఏడు చుట్లు తిరిగాడు. ప్రతి అడుగుకీ ఆగి, ఊపిరి బిగబట్టి, కాలి కింద ఏముందో వినడానికి ప్రయత్నించాడు. ఎర్రన్న చూసి, ఆఫ్రికా వెళ్ళేముందు మొక్కు తీర్చుకుంటున్నాడు కాబోలు అని నవ్వాడు. పొద్దువాలేసరికి అప్పలసూరికి నడుం లేవలేదు. ఎక్కడా గుల్ల లేదనిపించింది. అనిపించడమే, తెలియడం కాదు. వేపమండ పాతి ఇంటికి వెళ్ళాడు. ఆ రాత్రి చిన్నతల్లి ఆముదం గిన్నె జరిపితే తొయ్యలేదు.

అయిదోరోజు పొద్దున్న నరసింగరావు పళ్ళెం గీతనూ పుల్ల గీతనూ వంగి చూశాడు. రెండింటికీ గోరంత తేడా లేదు. మొహం విప్పారింది. సంచీలోంచి కాగితం తీసి, తోలుపెట్టె మీద పరిచి, కలం మూత విప్పాడు. కొఠారు జనం పదిమంది చేరారు. కొండల వైపు గిరిజనుల గొడవలు మొదలైన దగ్గర్నుంచి కొత్తమనిషి ఎక్కడ కనబడితే అక్కడికి వస్తున్న పోలీసు జవాను కూడా ఒకడు సైకిలు గట్టుకి ఆనించి నిలబడ్డాడు.

“ఇక్కడ సంతకం చెయ్యండి మేస్త్రీ.”

“ఒక్క సిటం ఆగండి బాబూ.”

అప్పలసూరి ఏడో మడి ఈశాన్యం మూలకు వెళ్ళి, తాను పాతిన వేపమండను తానే పీకేశాడు. చూస్తున్నవాళ్ళు గట్టు అంచుకు జరిగారు.

“సిన్నతల్లీ, రాయే.”

ఆమె గట్టు మీద నుంచి కదల్లేదు. “మేస్త్రి కాలు పడ్డ మడి,” అంది నెమ్మదిగా.

“పడిందో నేదో నువ్వే సెప్పాల.”

ఆమె ఒక్కసారి అతని మొహంలోకి చూసింది. కాలవలో పాదాలు కడుక్కుని దిగింది. ఇంతమంది చూస్తూండగా ఎప్పుడూ దిగి ఉండలేదు. మొదటి నాలుగడుగులూ తడబడింది. తర్వాత జనాన్ని మరిచిపోయింది. ఉత్తరపు గట్టు వార ఒకచోట ఆగి నొక్కింది. వంగి తోడింది. బొరియ. పది అడుగుల అవతల ఇంకొకటి. దక్షిణపు మూల ఒకటి, ఈసారి పీత కూడా బయటికి వచ్చి గట్టెక్కి పారిపోయింది. ఎవరూ నవ్వలేదు. మూడు గుంటలూ అప్పలసూరి లెక్కపెట్టుకున్నాడు. ఏడు చుట్లలోనూ ఆ మూడింటి మీదా అతని కాలు పడింది, కాలికి తెలియలేదు.

“బాబూ, కాగితంలో ఇద్దరి పేర్లు రాయండి,” అన్నాడు. “నీరెప్పుడు ఒదలాలో, ఎండెంత తగలాలో నా కంటికి తెలుస్తాది. మట్టి నా కాలికి తెలీదు. దాని కాలికి తెలుస్తాది. ఆ సిన్నమడి నిలబెట్టింది అదే.”

నరసింగరావు కలం పట్టుకునే ఉన్నాడు. అతని కళ్ళు సన్నబడ్డాయి. వచ్చిన రోజు నుంచి అప్పలసూరి అతన్ని ఎలా చూశాడో, ఇప్పుడతను అప్పలసూరిని అలా చూశాడు.

“ఇదేమైనా బేరమా మేస్త్రీ? పొద్దుటిదాకా లేని మాట. సేటు ఇచ్చింది ఒక్క మనిషికే.”

“ఒక్కరికైతే నేనెల్లను. ఎల్లి ఏటి సెయ్యను? అక్కడ మడి కారితే తిరుగు టిక్కట్టు కూడా ఎవుడూ ఇవ్వడు.”

నరసింగరావు బూట్లు విప్పి గట్టు దిగాడు. మడి అంచున గొంతుక్కూచుని, చిన్నతల్లి తోడిన మొదటి గుంటలో వేలు పెట్టి చూశాడు. వేలు మొత్తం లోపలికి పోయింది. అతను వేలు కడుక్కుని, పుస్తకం తీసి ఇన్ని రోజులుగా రాసుకున్న పేజీలు తిరగేశాడు. ఎడం కొలతలు, చుట్ల లెక్కలు. వాటి కింద అడ్డగీత కొట్టాడు.

“సేటుకి రాస్తాను. ఒప్పుకుంటే తంతి వస్తుంది. లేకపోతే లేదు,” అని చిన్నతల్లి వైపు తిరిగాడు. “అమ్మా, నీ పేరు పూర్తిగా చెప్పు.”

పేరు తానే చెప్పబోయి అప్పలసూరి ఆగాడు.

“కొర్రాయి సిన్నతల్లి,” అందామె మడిలోంచి. “రాసీటప్పుడు ఇది కూడా రాయండి బాబూ. తిరుగు టిక్కట్లు రెండూ ఓడెక్కకముందే నా సేతికియ్యాల. కంపెనీ కాడ ఒద్దు.”

అతను రాసుకున్నాడు. రాసినది ఒకసారి పైకి చదవమంది. చదివాడు. ఇంకోసారి చదవమంది. మళ్ళీ చదివాడు.

పోలీసు జవాను సైకిలెక్కి వెళ్ళిపోయాడు. జనం పలచబడ్డారు. పీకిన వేపమండ అప్పలసూరి చేతిలో ఇంకా అలాగే ఉంది.

“మావా, ఊరికినే నిలబడిపోనావేటి?” అంది చిన్నతల్లి, మూడు గుంటల మధ్య నిలబడి నడుం మీద చెయ్యి పెట్టుకుని. “జిగటమట్టి కావాల. పెద్ద ముద్దలు తే.”

అప్పలసూరి వేపమండను గట్టు మీద పెట్టి, పంచె ఎగగట్టుకుని, మట్టి తేవడానికి కాలవ వైపు నడిచాడు.